రెండో బిందె

చీమకుర్తి క్వారీలో
రాళ్లకు నీళ్లు పోసే పని నాది.
ఆరితే బూడిద ముద్ద,
తడిపితే లోపలి చుక్కలన్నీ లేచొస్తాయి.
అవి చూశాకే ధర చెప్పేవాడు లిన్.
పోయినసారి పదకొండు బండల మీద
ఎర్ర రంగుతో వాళ్ల అక్షరాలు గీసి
"మళ్లీ నెల" అన్నాడు, వచ్చీరాని తెలుగులో.

వాళ్ల దేశంలో ఏదో జబ్బంట.
వీసాలు ఆపేశారంట, కొన్నాళ్లకేనంట.
మేస్త్రీ మాలకొండయ్య ఫోన్ పట్టుకుంటే
నేను బిందె వంచాను.
తెర మీద, మాస్కు పైన రెండు కళ్లు
దగ్గరికొచ్చి, ఇంకా దగ్గరికొచ్చి
కనబడట్లేదన్నాయి.

ఆ పూట సగం కూలే ఇచ్చారు.
అందరూ ట్రాక్టరెక్కారు.
ఎర్ర గీతల్లో లిన్ అనేది ఏదో
వేలితో కాసేపు వెతికాను.
రెండో బిందె ఎవరూ పొయ్యమనలేదు.
పోశాను.