డ్రైవర్ని దించెయ్

మంగళవారం డ్యూటీ దిగి
గోళ్ళ సందుల్లో గ్రీజు ఇంకా పోకుండానే
మిస్ వెర్డెల్ ఇంటి నేలమాళిగలోకి వెళ్తాను.
డెట్రాయిట్ మంచు నా బూట్ల వెంట లోపలికొచ్చి
మూడో మెట్టు మీద నీళ్ళైపోతుంది.

ముప్పై ఏళ్ళు చర్చిలో వాయించినవాణ్ణి.
పది వేళ్ళూ పెట్టి, పెడలు తొక్కిపట్టి
కిటికీ అద్దాలు అదరగొట్టడం తప్ప
మరోటి రాదు నాకు.
ఆమె చివరిదాకా విని
కళ్ళజోడు తీసి స్వెటర్ అంచుకు తుడుచుకుంది.
"ఓడెల్, సాయంత్రం ఆరింటి బస్సులా ఉందయ్యా
నీ స్వరాల గుత్తి. మెట్ల మీద కూడా జనమే.
కొందరు దిగాలి."
ఎవర్ని దించను?
"ముందు డ్రైవర్ని దించెయ్."

నవ్వాననుకుంటా. ఆమె నవ్వలేదు.
డి మైనర్ సెవెన్‌లో డి ఉండకూడదట!
గుమ్మం మీద పేరున్నవాడే ఇంట్లో ఉండడన్నమాట.
నా ఎడమచేతిని పిల్లికూనను ఎత్తినట్టు ఎత్తి
నాలుగు మెట్ల మీద కూర్చోబెట్టింది.
చిటికెనవేలు ఎఫ్, నడిమివేలు ఏ,
చూపుడువేలు సి, బొటనవేలు ఇ.
"ఇప్పుడు చూపుడువేలొక్కటి, పక్క మెట్టుకి.
మిగతావి కదిలాయో, చూడు!"

సి నుంచి బి.
అంతే.
నిద్రలో ఎవరో ఒత్తిగిలినట్టు
గది మొత్తం ఇంకో పక్కకి తిరిగింది.
అది జి సెవెన్ అట. జి ఎక్కడా లేదు.
ఇన్నేళ్ళూ చెయ్యంతా ఎత్తి నేను గెంతిన దూరం
ఒక్క వేలు జరిగేంతేనా?

"మరి బండి ఎవరు నడుపుతారు?"
"బేస్ వాయించేవాడు."
గళ్ళ దుప్పటి కప్పుకొని మూలన నిలబడి ఉంది
ఆ బేస్. క్లీటస్ పోయి పదకొండేళ్ళు.
నేను అటు చూశాను, ఆమె చూడలేదు.
"ఆ ఫ్రిజ్ విను," అంది.
పాతది, కాస్త అపశ్రుతిలో గుర్రుమంటోంది.
"వంక పెట్టకు. రోజూ వస్తుంది, జీతమడగదు."

ఆరు వారాలైంది.
డబ్బులిచ్చి మరీ తక్కువ వాయించడం
నేర్చుకుంటున్నావా, అంటుంది నా భార్య రొజెట్టా.
కాదని చెప్పలేకపోయాను.

నిన్న తెల్లవారుజామున గరాజ్‌లో
బ్రేకులు బిగించి ఇంజను ఆన్ చేసి వదిలిన బస్సు
కింది డి లాంటిదేదో మూలుగుతోంది.
చల్లటి రేకు మీద ఎడమచెయ్యి ఆనించాను.
ఎఫ్, ఏ, సి, ఇ.
చూపుడువేలు జరిపాను.
ఇంజను మాత్రం డి దగ్గరే ఉండిపోయింది.
దానికోసం కాసేపు ఆగాను.

కాఫీ కప్పుతో వచ్చిన డ్రైవరు
నా చేతికేసి చూసి, బండికేమైంది, అన్నాడు.
ఏం కాలేదు, అన్నాను.
ఎక్కు.