పొరుగు

నాంపల్లిలో, లామినేషన్ షాపు మీది అంతస్తులో
పాత ఇళ్ల లెక్క ఎక్కిస్తున్నాం.
ప్రతి సంగతీ మూడు ముక్కలే:
ఈ ఇల్లు, ఆనుకుని ఉంది, ఆ ఇంటిని.
నాలుగో ముక్క తస్నీమ్ పట్టుబట్టి పెట్టించింది:
ఎవరన్నారు?

పన్ను రిజిస్టరు అన్నది ఒక గ్రాఫు,
ఉర్దూ కబాలాల్లో చెదలు వదిలేసింది ఇంకొకటి,
సర్వేయర్ ఎల్లేశం గల్లీలన్నీ తిరిగి
చాయ్ మరకల కాగితాల మీద రాసుకొచ్చింది మరొకటి.
దారుల్‌షిఫా వెనక ఒక ఇంటికి
ఒక గ్రాఫులో యజమాని జహీరుద్దీన్,
ఇంకోదాంట్లో అతని వదిన.
ఒక్క కుప్పలో పోస్తే తగాదా,
పేరు రాసి వేరే గూట్లో పెడితే సాక్ష్యం.
ఇది నాకు తలకెక్కడానికి రెండు వేసవులు పట్టింది.

గురువారం రాత్రి, ఇంటికి పోయే తొందరలో
'పొరుగు' అనే మాటకి ఒక గుణం తగిలించాను:
పొరుగుకి పొరుగు కూడా పొరుగే.
'ఒకే వాడ' అన్నమాటకి పెట్టాల్సింది.
ఒక్క లైను. సేవ్ కొట్టి మెట్రో ఎక్కేశాను.

తెల్లారేసరికి పాత సర్వరు ఊపిరాడక నిలబడిపోయింది.
రాత్రంతా యంత్రం గోడ పట్టుకుని గోడ తడుముకుంటూ
యాకుత్‌పురా నుంచి శాలిబండ, శాలిబండ నుంచి ఇంకా అవతలికి.
మూసీ దగ్గర ఆగాల్సింది.
ఏ మున్షీనో, ఉత్తరం హద్దు రాస్తూ
నదిని మరిచి, ఆవలి ఒడ్డు తోట రాశాడు.
దాన్ని పట్టుకుని దాటేసింది.

రెండు వేల ఇళ్లు, నలభై లక్షల పొరుగులు.
ఆఖరికి ప్రతి ఇల్లూ తనకి తానే పొరుగు.

ఎల్లేశం తెర చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"గిదంత ఎవలు చెప్పిండ్రు?"
ఎవరూ చెప్పలేదు. ఊహించినవాటి గూట్లో ఉన్నాయి,
ఒక్కదానికీ సాక్షి లేదు.
"ఆ గ్రాఫొక్కటి తీసెయ్," అంది తస్నీమ్,
"చెప్పినవి చెప్పినట్టే ఉంటాయి."
అందుకే కదా వాటిని విడిగా ఉంచింది.

ఆజ్ఞ టైపు చేశాను.
ఎంటర్ కొట్టబోయి, ఊరికే,
మంగళ్‌హాట్‌లో నేనుండే ఇంటి గురించి అడిగాను.
రెండు వేలు, అంది.
తస్నీమ్ గడియారం చూసింది.
కొట్టేశాను.

ఇప్పుడడిగితే ఒక్కటే వస్తుంది:
మెట్ల కింది వాటా. ఎల్లేశం రాసుకొచ్చిందే.
పేరున్నచోట ఖాళీ.
పదకొండు నెలలుగా వాళ్ల కుక్కర్ విజిల్‌తో నిద్ర లేస్తున్నాను.
సాయంత్రం అడగాలి.
ఏ గ్రాఫులో పెట్టాలో తర్వాత చూద్దాం.