తాతయ్య కంచం

మా కొండల్లో డిసెంబరు ఇరవై నాలుగు రాత్రి
తిన్న బల్లను ఎవరూ సర్దరు.
రొట్టె తునకలు, చేప ముళ్ళు, సగం తాగిన గ్లాసులు
ఎక్కడివక్కడే.
మనం పడుకున్నాక మనవాళ్ళు వస్తారు,
వచ్చి కూర్చుంటారు, అంటుంది నాన్నమ్మ దెయొలిందా.
చనిపోయినవాళ్ళకి ఆకలుంటుందా అనడిగితే
ఆకలి లేనిదెవరికే, అంటుంది.

ఆ ఏడు నాకు తొమ్మిదేళ్ళు.
బ్రగాన్సా బస్సు మంచులో ఆగిపోతే
అత్తయ్యలు ఎవరిదో ట్రాక్టరు మీద వచ్చారు,
తలమీద గోనెసంచులు కప్పుకుని, ఒళ్ళో కేకు డబ్బాలతో.
మూడు రోజులు నీళ్ళు మార్చి మార్చి ఉప్పు దించిన చేప
క్యాబేజీతో, దుంపలతో కలిసి ఉడుకుతోంది.
పదిమంది పట్టే బల్ల చుట్టూ పధ్నాలుగు మందిమి,
మోచేతులు మోచేతుల్లో ఇరుక్కుని.
పదిహేనో కంచం తాతయ్యది.
ఫిర్మీను బాబాయి పేరు మాత్రం
ఆ బల్ల మీద ఎవరూ వడ్డించలేదు.

మూడు చెస్ట్‌నట్ చెట్లు. అంతే.
గట్టుకి ఇవతలివా అవతలివా అని
నాన్న, బాబాయి కోర్టు దాకా వెళ్ళొచ్చారు.
వాడు కూర్చున్న బల్ల దగ్గర నేను కూర్చోను, అన్నాడు నాన్న.
బాబాయి ఆ మాత్రం కూడా అనలేదు.
వాగు అవతలి ఇంట్లో ఒక్కడే ఉండేవాడు.
మా వంటింటి కిటికీలోంచి ఆయన దీపం కనబడేది.
నాన్నమ్మ గిన్నెలు తోమేది
ఎప్పుడూ ఆ కిటికీ వైపు తిరిగే.

అర్ధరాత్రి దాహమేసి లేచాను.
పొయ్యిలో నిప్పులు తప్ప వెలుగు లేదు.
తాతయ్య కుర్చీలో ఎవరో ఉన్నారు.
గుండె గొంతులోకొచ్చింది.
చనిపోయినవాళ్ళు ఇంత చప్పుడు చేస్తూ నములుతారా?
అప్పుడు బూట్లు చూశాను,
తలుపు పక్కన, మంచు కరిగి మడుగు కట్టిన జత.
మేజోడుకి బొటనవేలి దగ్గర చిరుగు.
ఫిర్మీను బాబాయి
చల్లారిన దుంపని చేత్తో చిదిమి
నూనెలో అద్దుకుని తింటున్నాడు
తల ఎత్తకుండా, తిట్లు తిన్న పిల్లాడిలా.
నన్ను చూసి ఆగిపోయాడు.
నేను గ్లాసులో నీళ్ళు పోసి
ఆయన ముందు పెట్టాను.
నా దాహం సంగతి మరిచిపోయి వెళ్ళి పడుకున్నాను.

పొద్దున ఖాళీ కంచం చూసి
"మీ తాతకి ఈ ఏడు బాగా ఆకలేసినట్టుంది"
అంది నాన్నమ్మ.
అత్తయ్యలు శిలువ గుర్తు వేసుకున్నారు.
నాన్న నేల మీది తడి మరకని చూశాడు.
చూసి, కాఫీలో చక్కెర వేసుకున్నాడు,
అప్పటికే రెండుసార్లు వేసుకున్న కాఫీలో.

మరుసటి ఏడు నేను కాపు కాశాను.
కిర్రుమనకుండా తలుపు బందులకి నూనె రాసింది నాన్నమ్మ.
తాతయ్య కంచం బల్ల మీద పెట్టలేదు,
పొయ్యి గట్టు మీద పెట్టి మూత బోర్లించింది.
"చచ్చినవాళ్ళకి వేడివేడిగా ఎందుకమ్మా?" అన్నాడు నాన్న.
"చలికాలం కదురా. అంత దూరం నుంచి రావాలి."
ఎంత దూరమో ఇద్దరికీ తెలుసు.
వాగు మీద చెక్క వంతెన, ఆపైన నలభై అడుగులు.

నాన్న ఇంకేమీ అనలేదు.
చేప నడిమి ముక్క, దళసరిది,
ఇంటిపెద్దకి వేసే ముక్క
తన కంచంలోంచి తీసి
మూత ఎత్తి అందులో పెట్టి, మళ్ళీ మూశాడు.
నాన్నమ్మ ఇటు తిరగలేదు.
కిటికీ వైపే నిలబడి గిన్నె తోముతోంది,
తోమిన గిన్నెనే.

వాళ్ళిద్దరూ కలిసిపోయారని చెప్పాలనుంటుంది నాకు.
లేదు. నాన్నమ్మ పెట్టెని
చెరో పక్కా మోశారు గానీ
ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ డిసెంబరులో
తలుపు బందులకి నాన్నే నూనె రాశాడు.
పొయ్యి గట్టు మీద రెండు కంచాలు పెట్టాడు,
తాతయ్యదొకటి, నాన్నమ్మదొకటి.

తెల్లారేసరికి రెండూ ఖాళీ.
నాన్న ఆకలి లేదన్నాడు.