కూసునే బటన్

పిల్లగాడు బడికి పోయినంక
మూడు జాకెట్లకు హుక్కులు కుట్టి,
మిషిని మీద గుడ్డ కప్పి,
టీవీ ముంగట మంచప్పట్టెకు ఒరుగుత.

మలక్‌పేటల పాతది కొనుక్కొచ్చిండు మా తమ్ముడు,
మూల పగిలిన డబ్బా, ఒకటే రిమోటు.
"కంట్రోలర్ అనాలె అత్తా" అంటడు వర్షిత్.
ఏదైతేంది,
నా చేతుల్ల పట్టింది.

మొదటి దినం భయమైంది.
మంచు. కూలిన గోడలు. ఎవల ఊరో ఎరుకలేదు,
ఎవలతోని ఎవలకు లడాయో అసలే ఎరుకలేదు.
తెర మీద మనిషి కనవడడు,
ఒట్టి రెండు చేతులు, ఒక తుపాకి.
ఆ చేతులనే శానసేపు చూసిన.
వేళ్లు తిన్నగ, మణికట్టు తిన్నగ.
మర్రిగూడ కెల్లి చండూరు దాక
నా ఈడోళ్లల్ల అసోంటి చేతులు లెక్కపెట్టొచ్చు.

నా కుడిచేతి చూపుడువేలు
ఇరవై ఏండ్ల సంది సాపరాదు.
కొక్కెం లెక్క ఒంగుంటది.
బ్యాంకుల వేలిముద్ర మిషినికి ఆనదు.
ట్రిగ్గరు మీద పెడితే మాత్రం
దానికోసమే వంచినట్టు కూసుంది.
నవ్వొచ్చింది. నవ్వి,
పండ్లకు కొంగు అడ్డం పెట్టుకున్న,
ఇంట్ల ఎవలూ లేకున్నా.

ఆటల ఒక బాయి ఉంది,
పెంకల ఇంటి ఎనక. గిరక, బొక్కెన.
బొక్కెనను కాలిస్తే ఊగుతది.
తాగరాదు.
లడాయి నడుస్తుంటే నేను పోయి అండ్లకు తొంగిచూస్త.
తేటగున్నయి నీళ్లు.
మాయి గూడ గిట్లనే తేటగుండె.

తర్వాత ఆ బటన్ దొరికింది.
కుడిదిక్కు గుండ్రటిది.
ఒత్తితే సిపాయి కూసుంటడు,
మళ్ల ఒత్తితే లేస్తడు.
గోడ పట్టుకోడు. "అమ్మా" అనడు.
మోకాలి మీద చెయ్యేసి ఒక్క గడియ ఆగడు.

కూసున్న. లేసిన. కూసున్న. లేసిన.
నేల దగ్గరికొస్తది, దూరమైతది.
నేలను గంత దగ్గర చూసి ఎన్నేండ్లాయె!
ఎనిమిదో తరగతిల, బడి అరుగు మీద,
గచ్చకాయలు ఆడినప్పుడు.

ఆదివారం వర్షిత్ పక్కన కూసోని ఆడిపిచ్చిండు,
నెట్టు కలిపి, ఎక్కడెక్కడోళ్లతోనో.
నా పేరు 'సైదత్త' అని కొట్టిండు.
మెట్ల కిందికెళ్లి ఒకడొచ్చె.
కాల్చిన. పడ్డడు.
పడ్డోని పక్కన నిలబడి
చెయ్యి అలవాటు కొద్దీ
కూసున్న. లేసిన. కూసున్న. లేసిన.

హెడ్‌ఫోన్ల ఎవలో మొత్తుకోవట్టిండు.
ఏ భాషనో, తిట్లని మాత్రం సమజైంది.
వర్షిత్ తల పట్టుకున్నడు:
"సచ్చినోని ముంగట గట్ల చెయ్యొద్దత్తా!
అది ఎక్కిరిచ్చుడు! మస్తు పెద్ద తిట్టు!"

అయ్యో కొడుకా,
నేనేడ ఎక్కిరిచ్చిన?
మోకాళ్లు ఒంగుతున్నయని ఒంగిన.
ఆ పిల్లగానికెట్ల చెప్పాలె,
ఏ దేశపోడో, వాళ్ల నల్లాల ఏ నీళ్లో.
చెప్పకముందే వాడు మళ్ల పుట్టి,
ఎతుక్కుంట వచ్చి, నన్ను సంపిండు.
సంపి, నా పక్కన వాడు గూడ
కూసునుడు, లేసుడు, కూసునుడు, లేసుడు.

నేను మంచుల పండి చూస్తున్న.
మంచిగ ఒంగుతున్నయి వాని మోకాళ్లు.
కోపం రాలే.

సోమవారం మళ్ల జాకెట్లు. మళ్ల మంచు.
నాలుగున్నరకు బడి బస్సు హారను.
కృష్ణ నీళ్లొచ్చినంక పుట్టినోడు
గడప కాడ గొంతుకూసోని
ఒక బూటు లేసు విప్పుతడు, ఇంకో బూటు ముడి పడ్డది,
అట్లనే కూసోని పండ్లతోని గుంజుతడు,
మరిచిపోయి సాక్సుల్ల చెయ్యిపెట్టి గోక్కుంటడు.
గంతసేపు.

"ఇగ ఇయ్యత్తా, నా వంతు."

ఆగు బిడ్డా,
ఒక్కసారి లేసి ఇస్త.