ఏడో అసైన్‌మెంటు

నూట ఇరవై గంటల కోర్సు.
నలభై రెండేళ్ల వయసులో, టెక్కలిలో,
ఇన్వర్టరు కూడా అలిసిపోయిన రాత్రుల్లో
ఫోను మీదే చదివాను.
పద్నాలుగేళ్లుగా ఇంగ్లీషే చెబుతున్న నాకు
ఇంగ్లీషు చెప్పడం వచ్చని
ఒక కాగితం కావాలట, వియత్నాం వాళ్లకి.

"అక్కడేటి తింటారమ్మా దమయంతీ?"
అడిగాడు మా హెడ్మాస్టరు పొట్నూరు సారు.
"అన్నమే సార్."
"మరింకేటి, ఎల్లు."
అంత తేలిగ్గా నన్నెవరూ ఎక్కడికీ పంపలేదు.

ఆరు అసైన్‌మెంట్లు గట్టెక్కాయి:
గీత గీసి కాలాలు చూపించడం, బొమ్మల కార్డులు,
పిల్లలకి వీపు చూపకుండా బోర్డు మీద రాయడం.
ఏడోది మాత్రం ఇలా ఉంది:
మీకు ఒక్క ముక్క రాని భాషని
ఒక గంట నేర్చుకోండి.
నేర్పేవారు మీ భాషలో మాట్లాడకూడదు.
తర్వాత మీ అవమానాలు రాయండి.
అవమానాలు అనలేదు. అనుభవాలు అన్నారు.

బస్టాండు గోడవార
అనాసపళ్లు, కొండచీపుళ్లు గోనె మీద పరుచుకుని
కూర్చునే జమ్మాయి
మందస కొండల మీంచి వస్తుంది.
ఏళ్లుగా ఆమె నాతో తెలుగులో బేరమాడింది.
నేను ఆమె భాషలో
ఒక్కసారైనా ఓడిపోలేదు.

"సవర నేర్పుతావా?"
"ఏటికమ్మా? దానికి ఉజ్జోగాలొత్తాయేటి?"
"నాకొస్తుంది," అన్నాను.

అంతే, తెలుగు కట్టేసింది, కొట్టు మూసినట్టు.
ఒక పండెత్తి పట్టుకుని ఒక మాట అంది.
నేనన్నాను.
కాదనలేదు. మళ్లీ అంది, అంతే నెమ్మదిగా.
ఆ మాట చివర
గొంతులోనే ఆగిపోయే చప్పుడొకటి ఉంది,
మింగేసిన ఎక్కిలి లాంటిది.
నా నోట్లో దానికి చోటు లేదు.
పలాస బస్సు హారను. ఎవరో తొక్కిన చీపురు.
ఆమె ఎదురు చూసింది.
ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఊరుకోగలగడం,
కోర్సులో దానికో పేరుంది. మూడు సెకన్లు చాలంటారు.
ఆమె నాకు
ఒక బస్సు వెళ్లి ఇంకో బస్సు వచ్చేదాకా ఇచ్చింది.

"ఏటి" అన్నందుకు
ఆరో తరగతిలో నా మెటికల మీద స్కేలు.
"ఏమిటి" అనడం ముందు వేళ్లకి వచ్చింది.
ఆ స్కేలే తర్వాత నా చేతికొచ్చింది.
ఇంగ్లీషు కాని మాటకి ఐదు రూపాయలు;
ఏడాది చివర ఆ డబ్బా పగలగొట్టి
వాళ్లకే చాక్లెట్లు పంచేవాళ్లం.

ఒకడుండేవాడు, మూడో బెంచీ, కిటికీ పక్క.
గవర్నమెంటు ఫీజు కట్టి మా బడిలో చేర్చిన కొండ పిల్లాడు.
ఏడాదంతా ఒక్క రూపాయి జరిమానా కట్టలేదు.
నోరు విప్పితే కదా.
ప్రోగ్రెస్ కార్డులో "మందకొడి" అని రాసి సంతకం పెట్టాను.
దస్తూరీ బాగా కుదిరిందా రోజు.
వాడి పేరు ఎంత తవ్వినా రావట్లేదు.

గంటయ్యేసరికి నాకు ఐదు మాటలొచ్చాయి.
ఆరోది వచ్చిందనుకుని గట్టిగా అన్నాను.
పక్కన చీపుళ్లు కడుతున్న ముసలాయన
కట్ట వదిలేసి మరీ నవ్వాడు.
ఏమన్నానో ఇద్దరూ చెప్పలేదు.
పండు నలభై. ఆ రోజు యాభై తీసుకుంది.
"పదేటి?" అన్నాను, నా నోటికి తెలియకుండానే.
"ఫీజు," అంది.

రాత్రి కూర్చుని రాశాను:
నా టీచరుకి సర్టిఫికెట్ లేదు. తెలుగు సంతలో నేర్చింది,
ఒడియా పక్కూళ్లో,
లెక్కలు దళారుల దగ్గర నష్టపోయి.
వందకి తొంభై ఒకటి ఇచ్చారు.
తొమ్మిది ఎందుకు తగ్గాయో రాయలేదు.

కాగితం వచ్చింది. జెరాక్సు షాపులో
ముప్పై రూపాయలిచ్చి లామినేషన్ చేయించాను.
ఓ మూల గాలిబుడగ ఉండిపోయింది.

మొన్న హైఫాంగ్ నుంచి వీడియోలో ఇంటర్వ్యూ.
నోరు విప్పని పిల్లాడుంటే ఏం చేస్తారు, అని అడిగారు.
నూట ఇరవై గంటల్లో దానికి జవాబులు బోలెడు,
వరసగా, నంబర్లతో సహా.
నేను ఊరుకున్నాను.
కిటికీ అవతల పలాస బస్సు వెళ్లింది.
"వినిపిస్తోందా?" అందావిడ, తెర మీంచి,
రెండుసార్లు.