పసుపు చుక్కల పీలిక

టెక్కలి బైపాస్ మీద
రేకుల షెడ్డు, ఒక గొలుసు కప్పీ, నూనె తాగి నల్లబడ్డ నేల.
బోర్డు లేదు మాకు.
ఉండేది. తుపానులో ఎగిరిపోయింది.
"ఎరిగినోడు వస్తాడు, ఎరగనోడికి ఎరిగినోడు సెప్తాడు" అని
తవిటినాయుడు మేస్త్రి మళ్లీ రాయించలేదు.

ఆ రోజు పోలయ్య లారీని తాడు కట్టి లాక్కొచ్చారు.
గ్రానైటు దిమ్మ ఇంకా వీపు మీదే ఉంది,
వానకి తడిసి, పడుకున్న ఏనుగులా.
"ఇంజను పట్టీసింది మేస్త్రీ.
నందిగాం దాటనేదు. టకటకమంది. ఆగిపోనాది."
బండి మీద ఫైనాన్సు,
బండి కింద నేను, మీసం రానివాణ్ని,
బోల్టులు ఒక్కోటీ విప్పి డబ్బాలో వేస్తూ.

సంపు దించాను.
స్ట్రైనర్ మూతికి అడ్డంగా
జిడ్డులో ముద్దైన గుడ్డ.
బొటనవేలితో రుద్దితే వంకాయరంగు.
దాని మీద పసుపు చుక్క. పక్కన ఇంకోటి.

దాలమ్మ చీర అది.
పాత చీరలు జానెడు జానెడు చింపి
మేస్త్రి భార్య ఆదివారం మూట కట్టి పంపేది.
ఆ చీర కట్టుకునే ఆవిడ నాకు చోడంబలి పోసేది.
ఇరవై రోజుల కిందట
ఇదే సంపుకి ప్యాకింగు మార్చిందెవరో కూడా నాకు తెలుసు.
నేనే.

గుప్పిట మూశాను.
లారీ కింద చీకట్లో గుప్పిట మూస్తే
దేవుడికైనా కనపడదు.
ఆయిలు కల్తీ అనొచ్చు.
ఓవర్‌లోడు అనొచ్చు,
క్వారీ బండి విషయంలో ఆ మాట ఎప్పుడూ అబద్ధం కాదు.
సముద్రం అడుగున ఏముందో నాకెంత తెలుసో
ఇంజను అడుగున ఏముందో పోలయ్యకీ అంతే తెలుసు.

"ఏటి దొరికింది?"
మేస్త్రి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.
"ఏటీ నేదు."
కాళ్లు కదల్లేదు.
"ఏటీ నేకపోతే సెయ్యెందుకు మూసినావు?"

కొడతాడనుకున్నాను.
పీలికని డీజిల్లో జాడించాడు.
చుక్కలు ఒక్కొక్కటే తేలాయి.
కాసేపు వాటినే చూసి
తీసుకెళ్లి పోలయ్య చేతిలో పెట్టాడు.
"ఇది మా ఇంటి గుడ్డ.
మొన్న సంపు బిగించినప్పుడు లోపల మరిసిపోనాం.
నూనె అందక బేరింగులు కాలిపోనాయి."
మరిసిపోనాం అన్నాడు.
ఈడు మరిసిపోనాడు అనలేదు.
ఆ చివరి 'నాం' బరువు నాకింకా దిగలేదు.

నిజం చెప్పాడని పోలయ్య ఊరుకున్నాడనుకోకండి.
జనం పోగయ్యేదాకా తిట్టాడు,
వాయిదా తేదీ చెప్పి మరీ తిట్టాడు,
చివరికి పాత టైరు మీద కూలబడి నీళ్లడిగాడు.
నేనే ఇచ్చాను.
గ్లాసు వణికింది, అతని చేతిలోనో నా చేతిలోనో.

క్రాంకు విశాఖపట్నం వెళ్లి సానబట్టించుకొచ్చింది.
పదకొండు రోజులు.
బిల్లుబుక్కులో మేస్త్రి ఎప్పటిలాగే
సామాను ఇంత, పని ఇంత అని రాసి
గీత కొట్టి, కింద "షాపు బాకీ" అన్నాడు.
ఆ నెల నుంచి అతని మోపెడ్డు కనపడలేదు.
నా జీతం కొయ్యలేదు.
కోస్తే బాగుణ్ను.

గిరాకీ తగ్గింది.
"కడుపులో గుడ్డ వొదిలీసే డాక్టరు" అని
ఎదురు షెడ్డువాడు టీ కొట్టు దగ్గర చెప్పుకునేవాడు.
పోలయ్య రెండేళ్లు రాలేదు.
మూడో ఏడు, ఒక అర్ధరాత్రి, అల్లుడి బండితో వచ్చి
దిగుతూనే అడిగాడు:
"గుడ్డలు లెక్కెట్టినావేట్రా?"

షెడ్డు ఇప్పుడు నేను చూస్తున్నాను.
మేస్త్రి కంటికి పొరొచ్చింది,
స్టూలు మీద కూర్చుని శబ్దం విని చెప్తాడు.
సంపు మూసేముందు
కుర్రాళ్ల చేత పీలికలు బల్ల మీద పరిపిస్తాను.
ఏడు ఇస్తే ఏడు.

నిన్న రాత్రి ఆరే వచ్చాయి.
అప్పటికే బోల్టులన్నీ బిగించేశారు,
డ్రైవరు ఇచ్ఛాపురం చేరాలని తొందరపడుతున్నాడు.
మళ్లీ విప్పించాను.
లోపల ఏమీ లేదు.
ఏడోది నా భుజం మీదే ఉంది.

అతనికి అదే చెప్పాను.
కొత్త ప్యాకింగు ఖర్చు నా పేర రాశాను.
స్టూలు మీద మేస్త్రి
నవ్వాడో దగ్గాడో
ఇంజను శబ్దంలో తెలియలేదు.