మిగతా మూడు

టాలిన్ రేవు పక్కన, పాత ఉప్పు గోదాములో
మా కంపెనీ.
గోడ మీద సలహాదారుల ఫొటోలు:
ముగ్గురు ప్రొఫెసర్లు, ఒక బ్యాంకాయన,
చివర ఎండెల్ తాత,
నలభై చలికాలాలు మంచు చీల్చే ఓడ నడిపినవాడు.
ఫొటోలో కూడా టోపీ తియ్యలేదు.

మంచు ఎక్కడ పగులుతుందో ముందే చెప్పే లెక్క మాది.
తొంభై ఏడు శాతం కరెక్టు, అంది మార్యా,
మా సీఈఓ, తెర మీద గీత చూపిస్తూ.
బ్యాంకాయన తలూపాడు.
ప్రొఫెసర్లూ.

తాత కాఫీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు.
"ఆ మిగతా మూడులో
మా తమ్ముడున్నాడు" అన్నాడు.

చెంచా చప్పుడు ఆగింది.

బోర్డు మీది విడుదల తేదీ మార్యా తుడిచేసింది.
ఇన్వెస్టర్లకి ఏం రాయాలో
రాత్రి పదకొండైనా తేలలేదు.
కిటికీ అవతల సముద్రం.
గడ్డ కట్టిందో లేదో
ఇక్కణ్ణుంచి తెలీదు.